పేరు లేని వార్త

పాత వార్తల డేటాబేస్‌లో అక్షత రెండు మాటలు కొట్టింది. ఆదోని. జిన్నింగ్. మూడు వందలకు పైగా వార్తలు వచ్చాయి.

ఆమె బెంగళూరులో ఒక కన్సల్టింగ్ సంస్థలో పనిచేస్తుంది. ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. దాన్ని కొనాలనుకుంటున్న కంపెనీ, ముందుగా ఆ మిల్లు గతం తెలుసుకోవాలనుకుంది. ప్రమాదాలు, కేసులు, గొడవలు ఏవైనా ఉన్నాయేమో పాత పత్రికలన్నీ వెతికి నివేదిక ఇవ్వాలి. ఆ పని అక్షతకు అప్పగించారు.

మూడో రోజు ఒక చిన్న వార్త దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. 2011 ఫిబ్రవరి నాటిది. జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో, ఒక మూలన.

‘ఆదోని: స్థానిక జిన్నింగ్ మిల్లులో రేకుల షెడ్డు కూలి గుర్తు తెలియని మహిళా కూలీ మృతిచెందింది. వయసు ఇరవై మూడేళ్లు ఉండవచ్చు. రెండు రోజుల కిందటే పనిలో చేరిందని తోటి కూలీలు తెలిపారు. మృతదేహం కోసం ఎవరూ రాలేదు.’

అంతే. మర్నాడు లేదు. ఆ తర్వాత కూడా ఎక్కడా ఆ ఊసు లేదు.

ఆ పత్రికకు అప్పట్లో ఆదోని వార్తలు రాసింది ఎవరో కనుక్కుంది. కాశప్ప అనే విలేఖరి. ఇరవై ఏళ్లు రాశాడట. దొరికినవన్నీ తీసి చదివింది. చదివేకొద్దీ ఆ మనిషంటే గౌరవం పెరిగింది. గొర్రెల మంద పోయిందని రాసినా కాపరి పేరు, తండ్రి పేరు, ఊరు ఉండాల్సిందే. ఉరుకుంద ఈరన్న ఉత్సవాల్లో తప్పిపోయిన ముసలామె గోనెగండ్లలో తన ఇల్లు చేరేదాకా వరసగా మూడు రోజులు రాశాడు.

అలాంటివాడు చచ్చిపోయిన ఆడమనిషి పేరు కూడా కనుక్కోకుండా ఎలా వదిలేశాడు?

మిల్లువాళ్లు నోరు మూయించి ఉంటారు. అక్షతకు తోచింది అదొక్కటే. కానీ నివేదికలో ఆ మాట రాయాలంటే ఆయన నోటి నుంచి వినాలి. బస్సెక్కి ఆయన ఉండే ఎమ్మిగనూరు వచ్చింది.

నేతగాళ్ల వీధిలో చిన్న ఇల్లు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి చాప పరిచి కూర్చోమన్నాడు.

“యా పేపరమ్మా మీది?”

“పేపర్ కాదు సార్. మీరు రాసినవి చదివి బెంగళూరు నుంచి వచ్చాను.”

ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. కాశప్ప కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. “ఇయన్నీ ఇంకా ఉండాయా!” అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ చిన్న వార్త దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

“ఈమె ఎవరో తర్వాతైనా తెలిసిందా సార్?”

“లేదు.”

“గొర్రెల కాపరి పేరు కనుక్కున్నారు. ఈమె పేరు కనుక్కోలేదా?”

ఆయన ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు జరిపాడు.

“మిల్లువాళ్లు రాయొద్దన్నారా?”

కాశప్ప కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. తుడుస్తూనే ఉండిపోయాడు.

“వాళ్ల తప్పేం లేదమ్మా. వాళ్లేమీ అనలేదు. తప్పు నాదే. కాశప్ప చేతగాక వదిలేసినాడని రాసుకో.”

“మీలాంటివారు ఎందుకు వదిలేస్తారు సార్? ఆమెకూ ఒక అమ్మా నాన్నా ఉండి ఉంటారు కదా. ఎక్కడో ఎదురుచూస్తుంటారు కదా.”

ఆ మాట విసురుగానే వచ్చింది. ఆయన తల వంచుకున్నాడు. ఇన్ని రోజులూ పెంచుకున్న గౌరవమంతా ఒక్కసారిగా దిగిపోయింది అక్షతకు. ల్యాప్‌టాప్ మూయబోయింది.

లోపలి నుంచి ఆయన భార్య తిప్పమ్మ టీ గ్లాసుతో వచ్చింది.

“పాత పేపర్లన్నీ దీంట్లో ఉంటాయా తల్లీ? ఒక పేరు సూసి సెప్తావా?”

“వద్దులేవే,” అన్నాడు కాశప్ప. “ఆయమ్మకు బస్సుకు టైమైతాది.”

“ఒక్క నిమిషం పని సార్. ఎవరి పేరమ్మా?”

“మల్లేశ్వరి. మా పాప. మనసైన పిల్లోనితో పోయినాది. శానా ఏండ్లాయ. ఈ గడప తొక్కితే సంపుతానని ఈయప్ప కేకలేసినాడు. కోపంలో అన్న మాట. అది మనసులో పెట్టుకొని మళ్లీ రానేలేదు.” గొంతు తగ్గించింది. “నాకు సదువు రాదు. దినామూ ఈయప్పతోనే పేపరు సదివించుకుంటా. యాడన్నా దాని పేరు వస్తాదేమోనని నాకు భయం.”

అక్షత పేరు కొట్టింది. తండ్రి పేరు, ఊరి పేరు చేర్చి మళ్లీ కొట్టింది. అక్షరాలు మార్చి మూడోసారి చూసింది.

“ఏమీ లేదమ్మా. చావు వార్తల్లో గానీ, ఇంకెక్కడ గానీ మీ అమ్మాయి పేరు లేదు.”

తిప్పమ్మ ముఖం విచ్చుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“వింటివా?” అంది భర్తతో. “ఏమన్నా అయ్యుంటే పేపర్లో పడకుండా ఉంటాదా? మీ బెంగళూరులోనే యాడో సల్లగా ఉండాది నా బిడ్డ. యాడన్నా కనపడితే, నాయనకు కోపం పోయిందని సెప్పు తల్లీ.”

అక్షత సరేనంది. కాశప్ప గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

షెడ్డు కూలిన ఆ రోజు ఆదోని ఆసుపత్రిలో పోలీసులు గుడ్డ తొలగించి “ఈమె ఎవరో తెలుసా అన్నా?” అని అడిగితే, కూతురి ముఖం చూస్తూ “తెలీదు” అని చెప్పి, బయటికి వచ్చి ఆ నాలుగు ముక్కలు రాశాడు ఆయన.