రాకెట్టు అడిగిన మాట

పక్కవాటాలో ఉండే వాచీలు బాగుచేసే పెద్దాయన నన్ను మెట్ల దగ్గరే ఆపేశారు.

"టీవీలో కొత్త సీరియల్ మొదలైందమ్మా, అంతరిక్షం కథ! నిన్న మొదటి భాగం చూశాను. ఆ రాకెట్టు అట్టపెట్టెకి వెండికాగితం అతికించినట్టుంది. హీరోదేమో ఆముదం తాగిన మొహం."

"అలాగాండీ," అన్నాను. పొద్దుటినుంచీ పనిచేసి చేసి నా గొంతు బొంగురుపోయింది.

"జలుబు చేసిందా? వేడినీళ్లు తాగండి," అని ఆయనే మళ్లీ అందుకున్నారు. "అయినా ఒక్క మాట కోసం ఆ సీరియల్ చూడొచ్చమ్మా. ఆ రాకెట్టు మాట్లాడుతుంది! అంత శూన్యంలో ఒంటరిగా పోతున్న పైలట్‌ని 'భోంచేశావా?' అని అడుగుతుంది. నన్ను ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నేళ్లయిందో! అంత ఆప్యాయంగా అడిగిందంటే, ఆ గొంతుగలావిడ ఇల్లు పిల్లాపాపలతో కళకళలాడుతూ ఉండుంటుంది."

నవ్వేసి, తాళం తీసి లోపలికి వెళ్లాను. నా ఒక్కదానికి సరిపడా వండుకుందామని పొయ్యి వెలిగించాను.

కాసేపటికి గోడ అవతల రెండో భాగం మొదలైంది. అద్దాలగదిలో మైకు ముందు నిలబెట్టి, డబ్బింగ్ మాస్టారు నా చేత పదేపదే చెప్పించిన మాట నా గొంతుతోనే వినిపించింది.

"భోంచేశావా?"

"ఆఁ, ఇప్పుడే తిన్నానమ్మా," అన్నారు పెద్దాయన టీవీతో. కాస్త ఆగి, "మరి నువ్వో?" అని అడిగారు.

గోడ దగ్గరికి వెళ్లి, ఆ బొంగురుగొంతుతోనే చెప్పాను.

"ఇంకా లేదండీ. పొయ్యి మీదుంది."