తెగిన వేలు

రాత్రి ఉద్యోగాల కోసం ఊళ్ళో పిల్లలందరూ వేయించుకున్న మందే మా అమ్మాయి లాస్య కూడా వేయించుకుంది. అప్పటినుంచి దానికి ఎండా పడదు, అన్నమూ పడదు. సాయంత్రం పాలబండిలో వచ్చే నెత్తురు ప్యాకెట్టే భోజనం.

ఇవాళ వానకి బండి రాలేదు. ఆకలితో అది ఏమైపోతుందో, ఏం చేస్తుందో అన్న దిగుల్లో బెండకాయలు తరుగుతూ వేలు కోసుకున్నాను.

వాసన తగిలిందేమో, వెంటనే గదిలోంచి వచ్చి నిలబడింది. కళ్ళు నా వేలిమీదే ఉన్నాయి.

"దగ్గరికి రాకే తల్లీ!" అంటూ కత్తిపీట మా మధ్యకి జరిపాను.

"నాకా అమ్మా, కత్తిపీట అడ్డం? చిన్నప్పుడు నా వేలు తెగితే ఏం చేసేదానివి?"

"నోట్లో పెట్టుకునేదాన్ని."

"మరి నేను భయపడ్డానా?"

అది ఊపిరి బిగబట్టి, పోపుల డబ్బాలోంచి పసుపు తీసి నా వేలికి అద్దింది.

"నేను గదిలోకి పోతా. బయట గడియ పెట్టుకో."

నేను కత్తిపీట మడిచేసి, దాని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. వేలిమీద పసుపు మెల్లగా ఎర్రబడుతోంది. బండి ఇప్పుడైనా వస్తుందేమోనని ఇద్దరం వీధి తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం.