సూదుల పెట్టె అడిగే మాట

తాటిచెట్టు మీది నుంచి పడి నడుము నరాలు దెబ్బతిన్న నాటి నుంచీ సోమనర్సయ్యకు ఒంటేలు వచ్చేదీ తెలియదు, పోయేదీ తెలియదు. అలాంటివాళ్ల మంచం పక్కన ఇప్పుడు ఇంటింటా సూదుల పెట్టె ఉంటోంది. గుచ్చిన సూదుల గుండా సన్నగా కరెంటు పంపుతూ, తెలుస్తోందా అని మధ్యమధ్య అడుగుతుంది. మొదటిరోజు సూదులు గుచ్చిన మనిషి గొంతే దానికి వస్తుంది. ఈ పెట్టెకు వచ్చింది ఆయన భార్య అండాలు గొంతు.

అండాలు కిందటి వానాకాలంలో జ్వరమొచ్చి చనిపోయింది. ఇప్పుడు సూదులు గుచ్చేది కూతురు యశోద.

"నీకు ఒంటేలు వచ్చేది ఎరుకైందంటే ఈ పెట్టె ఇంకో ఇంటికిస్తరట నాయినా," అంది యశోద సూదులు సర్దుతూ. "దీంట్ల ఉన్న గొంతు తీసేసి, ఆ ఇంటోళ్లది పెడ్తరట."

ఆమె వంటింట్లోకి వెళ్లిన కాసేపటికి సోమనర్సయ్య పొత్తికడుపులో బరువేదో కదిలింది. చెట్టు మీద లొట్టిని తడిమి, కల్లు ఎంత నిండిందో చూడకుండానే చెప్పిన మనిషి ఆయన. ఇదీ అలాగే తెలిసింది. యశోదను కేకేయబోయాడు.

"ఏందయ్యా, ఎరుకైతున్నదా?" అంది పెట్టె.

ఆయన కేక ఆపి పెట్టె వైపు తల తిప్పాడు. కింద దుప్పటి తడుస్తోంది. ఆ వెచ్చదనం కూడా తెలుస్తోంది.

"లేదే," అన్నాడు. "రేపు మల్ల అడుగు."