తలుపు అవతలి గొంతు

మిట్టమధ్యాహ్నం గుడారం ముందు ఎవరో వచ్చి నిలబడ్డారు.

తల్లి హెలా నీళ్ళకు వెళ్ళింది. జక్కూరు ఒక్కడే లోపల కూర్చుని తోలుతిత్తికి పడ్డ చిల్లు కుడుతున్నాడు. తలెత్తి చూసి సూది వదిలేశాడు.

వచ్చినవాడికి తల మీద వెంట్రుక లేదు. గడ్డం లేదు. కనుబొమ్మలు కూడా లేవు. అంత ఎండలోనూ బట్టలు తడిగా ఉన్నాయి.

"ఈ ఇంటి పెద్దకొడుకువి నువ్వేనా?"

"అవును. ఏం?"

"నీ కోసమే వచ్చాను."

జక్కూరుకి వెన్నులో చలి పుట్టింది. ఏడాదిగా అతను భయపడుతున్నది ఈ మాటకే. ఐగుప్తులో బానిసలుగా ఉన్నప్పుడు, దేవుడు పంపిన చావు పెద్దకొడుకుల్ని ఎత్తుకుపోయిన రాత్రి అతను జ్వరంతో, మూసిన తలుపు వెనక పడుకుని ఉన్నాడు. బయట ఒక గొంతు వినిపించింది. 'లోపలే ఉండు, బయటికి రాకు' అంది. ఆ తర్వాత ఊరు ఊరంతా ఏడుపులే. గుమ్మానికి గొర్రెపిల్ల రక్తం పూసుకున్న ఇళ్ళని మాత్రం చావు దాటిపోయింది.

ఆ గొంతు చావుదేనని జక్కూరు నమ్మకం. ఆ రాత్రికి వదిలేసినా, ఎప్పుడో ఒకనాడు వెతుక్కుంటూ వస్తుందనుకున్నాడు. ఈ సంగతి తల్లితో కూడా చెప్పలేదు. చెబితే దానికి దారి చూపించినట్టవుతుందని భయం.

"ఎవరు నువ్వు?" అంటూ లేచి ఒక అడుగు ముందుకేశాడు.

ఆ మనిషి చేతులు అడ్డం పెట్టాడు.

"లోపలే ఉండు. బయటికి రాకు."

అదే గొంతు!

ఏం చేస్తున్నాడో జక్కూరుకే తెలియలేదు. పొయ్యి రాయి చేతికందింది, విసిరాడు. అది ఆ మనిషి కంటి పైన తగిలింది.

అతను అరవలేదు. తుడుచుకోనూ లేదు. రక్తం కారి బట్ట మీద పడుతుంటే తల వంచి చూసుకున్నాడు.

"మళ్ళీ ఉతుక్కోవాలి," అన్నాడు. "రేపు వస్తావుగా?"

వెళ్ళిపోయాడు. అతను నడిచినంత మేరా ఇసుకలో ఎర్రటి చుక్కలు పడ్డాయి. చావుకి రక్తం కారుతుందా అని జక్కూరు ఆలోచించలేదు. భయం ముందు బుర్ర పనిచెయ్యదు.

తెల్లారి బూర మోగింది. గోత్రం పెద్ద ఇమ్రీ తాత వచ్చి దుప్పటి లాగాడు.

"ఏరా, పెళ్ళికూతురిలా దాక్కున్నావేం? పద, లేవీయుల తల మీద చేతులుంచే వేళయింది."

"నేను రాను తాతా. నిన్న వాడొచ్చాడు. కనుబొమ్మలు లేనివాడు. నా కోసమే వచ్చానన్నాడు. నన్ను బయటికి రావద్దన్నాడు."

తాత పడీపడీ నవ్వాడు.

"లేవి గోత్రం మొత్తానికీ నిన్న మంగలికత్తి తగిలిందిరా పిచ్చోడా! ఒళ్ళంతా గొరిగించుకుని, బట్టలుతుక్కుని, శుద్ధి నీళ్ళు చల్లించుకున్నారు. ఆ పైన, చేతులుంచే దాకా మనం తాకకూడదు. రావద్దనక, వచ్చి వాటేసుకోమంటాడా?"

"మరి నా కోసం ఎందుకు?"

"పెద్దకొడుకులు దేవుడి సొత్తు కదరా. ఆ రాత్రి మీ ప్రాణాలు తియ్యకుండా వదిలాడు గానీ హక్కు వదులుకోలేదు. ఇప్పుడు మీ బదులు తన గుడారం మోసే పనికి వాళ్ళని తీసుకుంటున్నాడు. ఎవరి బదులు వెళ్తున్నారో వాళ్ళని ముందురోజు చూసిపోవడం మర్యాద. గుమ్మంలో గుక్కెడు నీళ్ళన్నా పెట్టావా?"

జక్కూరు లేచి తల వంచుకుని తాత వెనకే నడిచాడు.

దేవుడి గుడారం ముందు లేవీయులు బారులు తీరి ఉన్నారు. అందరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు. ఒక్కడికి మాత్రం కంటి పైన గాయం ఉంది.

"ఇడుగో నీ మనిషి," అని తాత ముందుకు తోశాడు.

జక్కూరు ఆ నున్నటి తలకి వేళ్ళ కొసలు ఆనించాడు.

"అలా కాదు," అన్నాడు ఆ మనిషి మెల్లగా. "బరువంతా వెయ్యి. లేకపోతే నాకు అందదు."

జక్కూరు రెండు చేతులతో గట్టిగా నొక్కాడు. ఏడాదిగా ఒంట్లో ఉన్న చలి అరచేతుల్లోంచి దిగిపోయింది. నడినెత్తిన ఎండ మండుతుంటే, చేతుల కింద ఆ తల చన్నీళ్ళ కుండలా చల్లబడింది.

క్షమించమని అడగాలనుకున్నాడు. సిగ్గు నోరు నొక్కేసింది. పేరైనా అడగలేదు.

గుడారాలెత్తి పాళెం కదిలే రోజు వచ్చింది. పరిశుద్ధ వస్తువుల మీద ముసుగులు వేస్తుంటే తెర జారిందట. మోయడానికి వచ్చినవాడొకడు చూడకూడనిది చూశాడట, అక్కడికక్కడే ప్రాణం పోయిందట. అతన్ని నలుగురు మోసుకొచ్చి నేల మీద పడుకోబెట్టారు. కంటి పైన మానుతున్న గాయం తప్ప ఒంటి మీద ఏ దెబ్బా లేదు. కనుబొమ్మలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి.

ఇమ్రీ తాత ఈసారి నవ్వలేదు.

"నువ్వుండాల్సిన చోటురా అది," అన్నాడు.

జక్కూరు పరిగెత్తి తల్లి దగ్గర కూలబడ్డాడు. దాచుకున్నదంతా కక్కేశాడు. ఆకాశం నుంచి రాలిన మన్నా దంచుతున్న హెలా రోకలి ఆపింది.

"ఏమన్నాడు? మళ్ళీ చెప్పు."

"లోపలే ఉండు, బయటికి రాకు అన్నాడు. ఆ రాత్రి చావు నాతో అన్న మాటే అమ్మా. అదే గొంతు."

హెలా కొడుకుని దగ్గరికి లాక్కుంది.

"ఆ రాత్రి మనింట్లో గొర్రెపిల్ల లేదురా," అంది. "మీ నాన్న అంతకుముందే ఇటుకల మట్టిలో పడి చనిపోయాడు. జ్వరంతో కాలిపోతున్న నిన్ను మోసుకుని పొరుగింటికి వెళ్ళలేకపోయాను. గుమ్మానికి రక్తం లేకుండానే తలుపేసుకుని, నిన్ను కావిలించుకుని కూర్చున్నాను. పరువు పోతుందని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

"మరి నేనెలా బతికాను?"

"ఆ మాట నేనూ విన్నాను. దాని వెనకే తలుపుకి పైనా, రెండు పక్కలా చేతులు తడిమిన చప్పుడూ విన్నాను. పొద్దున తీసి చూస్తే గుమ్మం మీద వేళ్ళ గుర్తులు, ఎండిన రక్తం."

హెలా రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

"అది చావు గొంతు కాదురా నాయనా, చావు వీధి మలుపు దాకా వచ్చాక తన ఇల్లు వదిలి బయటికొచ్చి మన గుమ్మానికి రక్తం పూసినవాడి గొంతు."