బంతి ఆకు వాసన

ఎండాకాలం గులాబీలకు చీకటిపడ్డాకే నీళ్లు పోస్తుంది తోటమాలమ్మ. మొగుడు పోయినా ఆ పని మానలేదు. పురుగు పట్టకుండా గులాబీలకు తోడుగా బంతి మొక్కలు వేసిందీ ఆయనే, ఏనుగులా నడిచి రోజూ వాటిని తొక్కి నలిపిందీ ఆయనే. ఆకు నలిగితే గానీ బంతి వాసన అంత ఘాటుగా రాదు.

ఆ రాత్రి గాలి లేదు. తోట చివర బంతి వాసన గుప్పుమంది. కాసేపటికి నడిమి వరుసలో. ఆ తర్వాత సరిగ్గా ఆమె వెనకాల. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

ఆమె పని ఆపలేదు.

"ఎవరైనా సరే, ఊరికే తిరగడమెందుకు? ఆ వరుసకు నీళ్లు పొయ్యండి," అంటూ నిండు బకెట్టు వెనక్కి చాచింది.

చెయ్యి తేలికైంది. కాసేపటికి చల్లటి నీళ్లు ఆమె మడమల మీద నెమ్మదిగా పడ్డాయి.

"నాకు కాదు, మొక్కలకి," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.