డబ్బాల తాత

తొంభై తొమ్మిది ఆటలు వరసగా గెలిచి, వందో ఆటలో ఓడిపోయాడు కాజాల మాస్టర్.

అదీ డబ్బాల తాత చేతిలో.

కాజాల మాస్టర్ టైలరు షాపులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చొక్కాలకు కాజాలు కుడతాడు. ఆ వేళ్ళ వేగం వృథా పోకూడదని ఇంటికొచ్చి కంప్యూటర్లో ఫైటింగ్ గేమ్ ఆడతాడు, ముఖం తెలియని వాళ్ళతో. వరసగా వంద గెలిస్తే పేరు పక్కన బంగారు కిరీటం పెడతారు. అది వచ్చేదాకా జుట్టు కత్తిరించుకోనని అక్క ముందు శపథం చేశాడు. అప్పటికే జడ వేసుకునేంత పెరిగింది.

ఆ ఆటలో నలభై మంది యోధులు. ఒకడు నిప్పు ఊదుతాడు, ఇంకొకడు కొండ విసురుతాడు.

అందరికంటే చివర, ఎవరూ ముట్టుకోని మూలలో, డబ్బాల తాత.

భుజాన కావడి, దానికి రెండు రేకు డబ్బాలు. తాత కొడితే దోమ కుట్టినట్టుంటుంది. గెంతితే, కిందికి దిగేలోపు మనం టీ తాగి గ్లాసు కడిగి పెట్టుకోవచ్చు. అడుగేస్తే మాత్రం డబ్బాలు దడంగు దడంగుమని వీధి లేచిపోయేలా మోగుతాయి.

అలాంటి తాతనే రెండేళ్ళుగా పట్టుకుని వేలాడుతున్నాడు ఒక ఆటగాడు. సొంత పేరు కూడా పెట్టుకోలేదు, కంపెనీ ఇచ్చిన నంబరే. రోజుకు నలభై ఆటలాడి ముప్పై తొమ్మిది ఓడతాడు. మిగిలిన ఆ ఒక్కటీ ఎవరి నెత్తిన పడితే వాళ్ళ ఖర్మ.

ఆ డబ్బాలు దించి కాస్త దమ్మున్న మనిషిని ఎంచుకోమని కాజాల మాస్టర్ ఎన్నోసార్లు రాశాడు. జవాబు లేదు. పొగరని తేల్చేశాడు.

"నలభై మందిలో ఆఖరివాడి చేతిలోనా ఓడావు?" బట్టలు మడతపెడుతూ అడిగింది అక్క.

"ఆ చప్పుడే అక్కా. బుర్రను పని చేయనివ్వదు."

"చెవుల్లో దూది పెట్టుకోరా."

"ఛాంపియన్లు దూది పెట్టుకోరే."

ఆ రాత్రే కంపెనీకి ఉత్తరం రాశాడు. డబ్బాల చప్పుడు వల్ల మానవజాతి ఏకాగ్రత దెబ్బతింటోందని, వెంటనే తీసేయాలని. దాన్ని ఆటగాళ్ళందరికీ పంపాడు. వారంలో పదకొండు వేల మంది సంతకాలు పెట్టారు. కొందరు తాత చేతిలో ఓడినవాళ్ళు. మిగతావాళ్ళు ఓడతామేమోనని భయపడేవాళ్ళు.

కంపెనీ వెంటనే స్పందించింది. కాజాల మాస్టర్‌కు కృతజ్ఞతలు చెబుతూ, ఆ శబ్దాన్ని శాశ్వతంగా చెరిపేశామని ప్రకటించింది.

ఈలోగా అతను మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టి తొంభై తొమ్మిదికి చేరాడు. వందో ఆట ఎవరితోనైనా ఆడొచ్చు. కసికొద్దీ ఆ నంబరునే వెతికి పిలిచాడు.

తాత చప్పుడు లేకుండా నడిచాడు. ముందుకు కాదు, వెనక్కు. గోడ దాకా వెళ్ళి గోడతో పోట్లాడాడు. కాజాల మాస్టర్ ఈ మూల ఉంటే ఆ మూల గాలిని చితక్కొట్టాడు. మధ్యలో ఆగి ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు, మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కు వేశాడు.

పదకొండు సెకన్లలో ఆట ముగిసింది.

కిరీటం వచ్చింది. జుట్టు రాలింది. 'తాతగారికి మతిమరుపు కూడా వచ్చినట్టుంది' అని రాసి పంపాడు కాజాల మాస్టర్.

జవాబుగా మళ్ళీ ఆడదామన్న పిలుపు వచ్చింది. ఆడాడు. మళ్ళీ వచ్చింది. పదిహేడు ఆటలూ గోడ దగ్గరే ముగిశాయి.

తర్వాతి రెండు రోజులూ తాత ఎవరితో ఆడినా అంతే. జనం వీడియోలు తీసి నవ్వుకున్నారు. నాలుగో రోజు ఆ నంబరు వెలగలేదు.

కిరీటం పెట్టుకున్నవాడితో ఆడి ఓడిపోవడానికి ఎవరికి సరదా? కాజాల మాస్టర్ పిలిస్తే ఒక్కరూ రావడం లేదు. వచ్చినవాళ్ళు ఒక దెబ్బ పడగానే ఆట కట్టేసి పోతున్నారు. సాయంత్రాలు ఖాళీ తెర ముందు కూర్చునేవాడు. ఎన్నిసార్లు ఓడినా మళ్ళీ రమ్మనే మనిషి తనకు ఒక్కడే ఉండేవాడని మెల్లగా అర్థమైంది.

రోజూ ఆ నంబరుకు రాయడం మొదలుపెట్టాడు. ఒక్క ఆటకు రమ్మని. తాతతోనే రమ్మని.

నెల తర్వాత ఆ నంబరు నుంచి ఆటలోనే కాల్ వచ్చింది. ఆడగొంతు.

"ఎవరు బాబూ మీరు? ఇన్ని రాశారు. ఈరోజే చూశాను."

ఆమె ఆ ఆటగాడి భార్య. కంప్యూటర్ పక్కింటి పిల్లలకు ఇచ్చేస్తున్నారట. ఇచ్చేముందు తుడుస్తుంటే ఇవన్నీ కనిపించాయట.

"ఓడిపోతున్నానని ఆయన మానేశారా?" అడిగాడు.

"ఓడితే మానేసే మనిషా ఆయన? రోజంతా ఓడి, నవ్వుతూ భోజనానికి లేచేవారు. ఇప్పుడు పొద్దున కూర్చోబెట్టిన కుర్చీలోంచి సాయంత్రమైనా కదలరు. ఎవరో పెద్ద ఆటగాడు ఆ డబ్బాల చప్పుడు తీయించాడట కదా. మీకు తెలిసినవాళ్ళయితే ఒక్క మాట చెప్పండి బాబూ, మళ్ళీ పెట్టించమని."

కాజాల మాస్టర్ మాట మార్చాడు. చప్పుడు లేకపోతే ఏం పోయిందని, మిగతా ముప్పై తొమ్మిది మందిలో ఇంకొకరిని ఎంచుకోవచ్చు కదా అని గొణిగాడు.

"వాళ్ళెవరి అడుగులూ వినపడవు కదా. కొట్టేటప్పుడు అవతలివాళ్ళు అరుస్తారు కాబట్టి వాళ్ళెక్కడున్నారో తెలుస్తుంది. తనెక్కడ నిలబడ్డారో మాత్రం ఆ డబ్బాలే చెప్పాలి, మా ఆయనకు పుట్టినప్పటి నుంచీ కళ్ళు కనపడవు బాబూ."