వరుసలో చివరి బిందె

"మా ఊరి నీళ్లు మాకే చాలడం లేదు. నువ్వేంటికొచ్చినావు?"

ఆంజినమ్మ కొంగు దోపుకొని నిలదీసేసరికి, ట్యాంకరు ముందు వరుస కట్టిన ఆడవాళ్లంతా నవ్వారు.

పొరుగూరి నుంచి వచ్చిన ఆ నడివయసు మనిషి కూడా నవ్వింది. తన ఎర్ర బిందెను తీసుకెళ్లి అందరి వెనకా పెట్టుకుంది.

"కడాకు నిలబడతాలేక్కా. మిగిలితేనే పట్టుకుంటా."

గుమ్మఘట్ట దగ్గరి ఆ పల్లెకు వానలు మొహం చాటేసి మూడేళ్లయింది. బోర్లన్నీ ఎండిపోయాయి. రోజూ పొద్దున వచ్చే ట్యాంకరే ఊరికి దిక్కు. దాన్ని ఓట్లకు నిలబడే దివాకర్ అన్న పంపిస్తున్నాడని అందరి నమ్మకం. ఎన్నికలు దగ్గర పడ్డాయి కదా, ఇంకెవరు పంపిస్తారు? ఒకనాడు ఆయనకు పూలదండ కూడా వేశారు. ఆయన మెడ వంచాడే గానీ అవుననలేదు, కాదనలేదు.

పొరుగూరామె రోజూ వచ్చేది. బిందె కింద పెట్టడం ఆలస్యం, యేసయ్య కథలు ఎత్తుకునేది. ఆయన దాహమేసి బావి దగ్గర ఒక ఆడమనిషిని నీళ్లడిగిన కథంటే ఆమెకు మరీ ఇష్టం. ఆమె చెబుతూ ఉండగానే, తర్వాత వచ్చినవాళ్లు తమ బిందెలు ముందుకు దూర్చేసేవాళ్లు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. చాలా రోజులు ఖాళీ బిందెతోనే తిరిగిపోయేది.

పేరెవరూ అడగలేదు. యేసమ్మ అని పెట్టేశారు.

"మీ యేసయ్య వాన కురిపిస్తాడా యేసమ్మా?" అంది ఒకరోజు వరుసలో ఉన్న ఈశ్వరి.

"వాన సంగతి నాకు తెల్దు పాపా. ఏడ్చేటప్పుడు పక్కన కూచుంటాడు. అది మాత్రం తెలుసు."

ఆ మాటతో ఆంజినమ్మకు ఒళ్లు మండింది. ఆమె కూతురు కామెర్లతో పోయి ఏడాది తిరగలేదు.

"నా బిడ్డ పోయిననాడు యాడ కూచున్నాడు నీ దేవుడు?"

ఎర్ర బిందెను కాలితో తన్నింది. అది దొర్లుకుంటూ పోయి ముళ్లకంపలో పడింది.

"మా నీళ్లకొచ్చి మాకే కతలు చెప్తాండావు. రేపట్నుంచి ఈడ కనపడొద్దు."

ట్యాంకరు తోలే తిప్పేష్ ఏదో అనబోయాడు. యేసమ్మ చెయ్యెత్తి వద్దంది.

"నీ బిడ్డ సంగతి నాకు తెల్దక్కా. తెలిసింటే అప్పుడే వచ్చి నీ పక్కన కూచునేదాన్ని."

అంతే. బిందె కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆమె రాలేదు. ట్యాంకరు మాత్రం రోజూ వచ్చింది.

ఆ చివరి మాట ఆంజినమ్మను నిద్రపోనివ్వలేదు. బిడ్డ పోయాక అలా అన్నవాళ్లు ఇంకొకరు లేరు. కంపలోంచి బిందె తీసి, కడిగి పెట్టింది. వస్తే ఇచ్చేద్దామని రోజూ తనతో పాటు తెచ్చేది. వరుస చివరికి చూస్తూ నిలబడేది.

నెల తిరక్కుండానే ట్యాంకరు ఆగిపోయింది. మూడు రోజులు ఊరంతా అల్లాడింది. నాలుగో పొద్దున తిప్పేష్ వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"లక్ష్మీదేవమ్మ పోయిందక్కా. గుండెనొప్పి. మట్టి చేసి వస్తాండా."

"ఆయమ్మ ఎవురప్పా?"

"మీరు యేసమ్మ అంటారే, ఆయమ్మే."

ఆంజినమ్మ చంకలో ఎర్ర బిందె ఉంది. దానితోపాటే ఉన్నచోట కూలబడింది.

"పాపం చేసినాను తిప్పేషూ. మా ఊరి నీళ్లని తరిమేస్తిని. ఈ నెల దినాలు ఆయమ్మ నీళ్లకు యాడికి పోయిందో, ఏం తాగిందో."

తిప్పేష్ కాసేపు ఆ బిందెనే చూశాడు.

"ఆయమ్మకు నీళ్లకేం కరువక్కా? మొగుడూ బిడ్డలూ లేని ఒంటి మనిషి. చెనిక్కాయ పైరు ఎండితే ఎండనీ అని తన బోరు నీళ్లే ఏడాదిగా మీకు తోలించి, ఒట్టి చేతుల్తో వస్తే మీ పక్కన నిలబడనియ్యరని ఆ బిందె తెచ్చుకునేది."